మన చెరువుల్లో పరాయి చేపలు

సత్యవ్రతుని కథ తెలుగువారికి కొత్తది కాదు. పోతన భాగవతంలోని అష్టమ స్కంధంలో మత్స్యావతార ఘట్టంగా అది ప్రసిద్ధం. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న రాజు దోసిలిలోకి ఒక చిన్న చేపపిల్ల వస్తుంది. తిరిగి నీటిలో వదలబోతే, పెద్ద చేపలు తనను మింగివేస్తాయని అది మొరపెట్టుకుంటుంది. రాజు జాలిపడి దానిని కలశంలో ఉంచుతాడు. తెల్లవారేసరికి కలశం చాలదు. పెద్ద పాత్రలో వేస్తే పాత్ర చాలదు, మడుగులో వేస్తే మడుగు చాలదు. చివరకు దానిని సముద్రానికి చేర్చవలసి వస్తుంది. అది సామాన్యమైన చేప కాదని, సాక్షాత్తు శ్రీహరి అని రాజు అప్పుడు గ్రహిస్తాడు.

ఈ కథలోని మొదటి భాగం నేడు మన పట్టణాలలో అనేక ఇళ్లలో జరుగుతూనే ఉంది. ముచ్చటపడి గాజుతొట్టెలో పెంచుకొనడానికి వేలెడంత చేపను కొని తెస్తాము. అది మూరెడు పొడవు పెరుగుతుంది. తొట్టె చాలదు. చంపడానికి చేతులు రావు. సత్యవ్రతునివలె జాలిపడి, సమీపంలోని చెరువులోనో కాలువలోనో వదలిపెడతాము. పుణ్యకార్యం చేశామన్న తృప్తితో ఇంటికి వస్తాము. అయితే మనం వదలినది లోకాన్ని రక్షించే చేప కాదు. ఆ చెరువులో తరతరాలుగా బ్రతుకుతున్న చేపల ఉనికికే ముప్పు తేగల పరాయి చేప. ఈ ముప్పు ఎట్లా కలుగుతుంది? దానికి బాధ్యులెవరు? నివారణోపాయమేమిటి? ఈ విషయాలను తెలుసుకొనడమే ఈ పాఠం ఉద్దేశం.

పరాయి జాతి, దురాక్రమణ జాతి

ప్రతి ప్రాణికి ప్రకృతి ఒక తావును ఏర్పరచింది. ఆ తావులో దానికి ఆహారముంది, శత్రువులున్నాయి, రోగాలున్నాయి, పోటీదారులున్నాయి. వేల సంవత్సరాల సహజీవనం వల్ల వీటన్నిటి మధ్య ఒక సమతూకం ఏర్పడుతుంది. మనిషి ఒక ప్రాణిని దాని స్వస్థలం నుండి తెచ్చి వేరొకచోట వదలితే దానిని పరాయి జాతి అంటారు. పరాయి జాతులన్నీ హానికరమైనవి కావు. కొత్తచోటుకు వచ్చిన వాటిలో చాలా భాగం అక్కడి పరిస్థితులకు తట్టుకోలేక నశిస్తాయి. కొన్ని మాత్రం నిలదొక్కుకొని, విపరీతంగా వృద్ధిచెంది, స్థానిక జీవులను తరిమివేస్తాయి. అటువంటి వాటిని శాస్త్రజ్ఞులు దురాక్రమణ జాతులు అంటున్నారు.

జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్జాతీయ శాస్త్ర వేదిక ఐపీబీఈఎస్ 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం, మానవుని కార్యకలాపాల వల్ల ప్రపంచంలో 37,000కు పైగా జాతులు తమవి కాని ప్రాంతాలకు చేరాయి. వాటిలో హాని కలిగిస్తున్నవి 3,500కు పైగా ఉన్నాయి. ఇప్పటివరకు భూమిపై అంతరించిన జాతులలో 60 శాతం విషయంలో, ఏకైక కారణంగానో ఇతర కారణాలతో కలిసియో, దురాక్రమణ జాతుల పాత్ర ఉన్నదని ఆ నివేదిక చెప్పింది.

నేలపై కలిగే ముప్పు కంటికి కనిపిస్తుంది. వయ్యారిభామ మొక్క పొలాన్ని కమ్ముకుంటే రైతు చూడగలడు. గుర్రపుడెక్క చెరువును కప్పివేస్తే దారిన పోయేవాడు కూడ చూడగలడు. నీటి అడుగున జరిగే దురాక్రమణ మాత్రం వల పైకి తీసేవరకు తెలియదు. తెలిసేనాటికి తరచుగా ఆలస్యమైపోతుంది.

దెయ్యం చేప

దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం, దాని పరిసర నదులు కొన్ని విచిత్రమైన చేపలకు పుట్టినిల్లు. వాటి ఒంటిపై మెత్తని పొలుసులకు బదులు కవచం వంటి గట్టి పలకలుంటాయి. నోరు కిందివైపున ఉండి జలగనోటివలె దేనినైనా పట్టుకొని అంటిపెట్టుకుంటుంది. గాజుతొట్టె గోడలకు పట్టిన నాచును గీకి తింటుంది కనుక అలంకార చేపల వ్యాపారులు దీనిని 'ట్యాంక్ క్లీనర్' అని అమ్ముతారు. మన మత్స్యకారులు దీనికి పెట్టిన పేరు దెయ్యం చేప.

వ్యాపారి ఒక గుణాన్ని మాత్రమే చెబుతాడు. మిగిలిన గుణాలు చెరువులో పడిన తరువాత బయటపడతాయి. ఈ చేప అడుగున్నర వరకు పెరుగుతుంది. వాజాలకు ముందున్న గట్టి ముళ్లు, ఒంటిమీది కవచం కారణంగా దానిని మింగగల చేపలు గాని పక్షులు గాని మన నీళ్లలో దాదాపు లేవు. దీనిని మింగబోయి, ముళ్లు గొంతులో దిగి గూడబాతులు మరణించిన ఉదంతాలు విదేశాలలో నమోదయ్యాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఇది పైకి వచ్చి గాలిని మింగి, జీర్ణాశయం ద్వారానే శ్వాసించగలదు. అందువల్ల మురుగునీటిలోను బ్రతుకుతుంది, నీటి వెలుపల కూడ కొన్ని గంటలపాటు ప్రాణం నిలుపుకొంటుంది. గట్లలో లోతైన బొరియలు తొలచి వాటిలో గుడ్లు పెడుతుంది. మగచేప ఆ గుడ్లకు కాపలా కాస్తుంది. బొరియలు ఎక్కువైన కొద్దీ గట్టు గుల్లబారి కోతకు గురవుతుంది.

ఇది ఇతర చేపలను వేటాడి తినదు గదా, దీనివల్ల నష్టమేమిటని సందేహం కలుగవచ్చు. చెరువులో ఆహారపు గొలుసుకు నాచు మొదటి కొలికి. సూక్ష్మజీవులు, పురుగులు, చిన్నచేపలు దానిపై ఆధారపడి ఉంటాయి. ఆ మొదటి కొలికినే ఈ చేప ఖాళీ చేస్తుంది. నాచుతోబాటు దానికి అంటుకొన్న ఇతర చేపల గుడ్లను కూడ మింగివేస్తుంది. అడుగునున్న బురదను కలియబెట్టి నీటిని మలినం చేస్తుంది.

దీని వల్ల కలిగే కష్టం తెలియాలంటే మత్స్యకారుని చేతులు చూడాలి. వల బరువుగా వచ్చిందని సంతోషంతో లాగితే, అందులో అధికభాగం నల్లని ఈ చేపలే. ముళ్లు వల కన్నులలో చిక్కుకొంటాయి. విడదీయబోతే చేతులు చీరుకుపోతాయి, విదలించబోతే వల చిరిగిపోతుంది. ఒంటినిండ కవచమే కాబట్టి దానిని కొనేవారు లేరు. వల ఖర్చు, ఒకరోజు కూలి, తిండికి ఆధారమైన చేప మూడూ ఒకేసారి పోతాయి. మెక్సికోలోని ఇన్ఫియర్నిల్యో జలాశయంలో ఒకప్పుడు చేపల వేట గొప్పగా సాగేది. ఈ చేప అక్కడ వ్యాపించిన తరువాత ఆ వేట కుప్పకూలి, దానిని నమ్ముకొన్న కుటుంబాలు దిక్కుతోచని స్థితిలో పడ్డాయి.

ఇది ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకొనడానికి హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఒక కొత్త పద్ధతిని ఉపయోగించారు. ప్రతి చేప నీటిలో తన ఒంటి జిగురును, పొలుసుల తునకలను, మలాన్ని వదలుతుంది. వాటిలో ఆ జాతికి చెందిన డీఎన్ఏ ఉంటుంది. చెరువునీటిని వడగట్టి, అందులోని డీఎన్ఏను పరీక్షిస్తే చేపను పట్టకుండానే దాని జాడ తెలుసుకొనవచ్చు. ఈ విధంగా తూర్పు కనుమల ప్రాంతంలో పరీక్షించగా, పరిశీలించిన నీటి వనరులలో సుమారు 60 శాతం చోట్ల ఈ చేప ఉన్నట్లు తేలింది. గాజుతొట్టెలో మొదలైన ప్రయాణం కనుమల వరకు సాగిందన్నమాట.

మేలు తలపెట్టి తెచ్చినవి

పరాయి చేపలన్నీ వినోదం కొరకే రాలేదు. పేదవారికి చౌకగా మాంసకృత్తులు అందించాలన్న సదాశయంతో తెచ్చినవి కొన్ని, దోమలను నిర్మూలించడానికి తెచ్చినవి కొన్ని ఉన్నాయి.

దోమపిల్లలను తింటుందని గంబూషియా అనే చిన్న చేపను 1928లో మన దేశానికి తెచ్చారు. ఇది ఉత్తర అమెరికా చేప. మలేరియా నివారణకని ఎన్నో ఊళ్లలో బావుల్లోను కుంటల్లోను దీనిని వదిలారు. ఇది దోమపిల్లలను తింటుంది, నిజమే. అయితే అక్కడితో ఆగదు. ఇతర చేపల గుడ్లను, పిల్లలను, కప్ప తోకపిల్లలను కూడ తింటుంది. దోమపిల్లలను తినే చిన్నచేపలు మన కుంటల్లో ముందునుంచీ ఉన్నాయి. పరాయివాడిని కాపలాకు పెట్టుకొని ఇంటివాడిని వెళ్లగొట్టినట్లయింది.

ఆఫ్రికాకు చెందిన తిలాపియా 1952లో వచ్చింది. ఏ నీటిలోనైనా బ్రతికే ఈ చేప మేత కొరకు వెదకులాడనవసరం లేదు. నాచు, పురుగు, కుళ్లిన పదార్థం అన్నీ దానికి ఆహారమే. ఆడచేప గుడ్లను నోటిలోనే పొదిగి, పిల్లలు ఈదగలిగేవరకు వాటిని నోటిలోనే కాపాడుతుంది. కొద్ది నెలల వయస్సుకే ఈతకు వచ్చి, సంవత్సరంలో పలుమార్లు గుడ్లు పెడుతుంది. మన బొచ్చె, శీలావతి, మోసు చేపల సంగతి వేరు. అవి వానకాలంలో నదికి కొత్తనీరు వచ్చినప్పుడు ఏడాదికొకసారి గుడ్లు పెట్టి, వాటిని ప్రవాహానికి వదలివేస్తాయి. గుడ్లు లక్షలలో ఉన్నా దక్కేవి కొన్నే. నోటిలో దాచుకొనే తల్లితో, నదికి వదలిపెట్టే తల్లి పోటీపడలేదు. తిలాపియా చెరువును నింపివేసిన తరువాత, ఇరుకైపోయి తానూ ఎదగదు, ఇతరులనూ ఎదగనివ్వదు. ఇది గ్రహించి 1959లోనే దానిని వ్యాప్తి చేయరాదని మన మత్స్య పరిశోధన నిపుణులు నిర్ణయించారు. అప్పటికే అది చేయిదాటిపోయింది.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చరిత్ర ఇంకా తీవ్రమైనది. ఇది బలిష్ఠమైన మాంసాహారి. తోటి చేపలను, చివరకు తన జాతి పిల్లలను కూడ మింగుతుంది. దీనిని అక్రమంగా పెంచేవారు పశువధశాలల వ్యర్థాలను, కోళ్ల వ్యర్థాలను మేతగా వేస్తున్నందువల్ల నీరు కలుషితమై, తినేవారి ఆరోగ్యానికీ భయముంది. ఈ చేప మన నీళ్లలోని 'మార్పు' చేపకు దగ్గరి చుట్టం. రెండింటికీ సంకరం కలుగుతుంది. అట్లా పుట్టిన పిల్లలు మార్పు జాతి స్వచ్ఛతను క్రమంగా చెరిపివేస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2000లో దీని పెంపకాన్ని నిషేధించింది. నిషేధాన్ని కఠినంగా అమలుచేయాలని 2019లో జాతీయ హరిత న్యాయస్థానం ఆదేశించింది. అయినా నేటికీ తెలుగు రాష్ట్రాలలో అధికారులు దాడులు చేసి ఈ చేపలను పట్టుకొని గుంతలలో పూడ్చిపెట్టే వార్తలు పత్రికలలో కనిపిస్తూనే ఉన్నాయి. లాభాపేక్ష ముందు చట్టం ఒక్కటే చాలదని ఇది తెలుపుతున్నది.

పరాయి చేపలన్నిటినీ ఒకే గాటకు కట్టరాదని ముందే అనుకొన్నాము. బంగారుతీగ, వెండిచేప, గడ్డిచేప అన్న చక్కని తెలుగు పేర్లున్న మూడు చేపలు నిజానికి విదేశీయులే. బంగారుతీగను 1939లో మొదట నీలగిరులకు తెచ్చారు. వెండిచేప, గడ్డిచేప 1959లో వచ్చాయి. కట్టుదిట్టమైన చెరువులో వీటిని పెంచిన రైతుకు మంచి ఆదాయం లభించింది, దేశానికి ఆహారం లభించింది. అవే చేపలు గట్టు దాటినప్పుడు కథ మారింది. 1971లో వెండిచేప ప్రమాదవశాత్తు హిమాచల్ ప్రదేశ్‌లోని గోవిందసాగర్ జలాశయంలో చేరింది. కొన్ని సంవత్సరాలలోనే అక్కడ బొచ్చె తగ్గిపోయి వెండిచేప ప్రధానమైంది. బంగారుతీగ ప్రవేశించిన తరువాత కాశ్మీరు సరస్సులలోని మంచునీటి చేపలు, మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సులో ప్రజలకు ప్రీతిపాత్రమైన పెంగ్బా చేప క్షీణించాయి. చేప ఒక్కటే. చెరువులో సంపద, సరస్సులో ఆపద.

విక్టోరియా సరస్సు చెప్పిన పాఠం

ఈ విషయంలో ప్రపంచమంతా తలచుకొనే ఉదాహరణ ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు. సుమారు 68,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ సరస్సును ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాలు పంచుకొంటున్నాయి. ప్రపంచంలో మరెక్కడా లేని వందలాది చిన్నచేపల జాతులు దానిలో పుట్టి వృద్ధి చెందాయి. ఒకటి నాచు తినేది, ఒకటి నత్తలను తినేది, ఒకటి పురుగులను తినేది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వృత్తి.

1950వ దశకంలో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను ఈ సరస్సులో వదిలారు. రెండు మీటర్ల పొడవు, 200 కిలోల బరువు వరకు పెరిగే మాంసాహారి అది. వాణిజ్యానికి ఎముకలెక్కువ గల చిన్నచేపల కంటె పెద్ద చేప మేలని భావించారు. దాదాపు మూడు దశాబ్దాలు పెద్దగా మార్పు కనిపించలేదు. 1980వ దశకంలో నైల్ పెర్చ్ సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. సుమారు 200 స్థానిక జాతులు కనుమరుగయ్యాయి. మన కాలంలో వెన్నెముక గల జంతువులు అతివేగంగా అంతరించిన సందర్భాలలో ఇదొకటి. ఆ కాలంలోనే సరస్సులో కలిసిన మురుగు, ఎరువుల వల్ల నీరు మసకబారడం కూడ ఈ నాశనానికి తోడ్పడింది.

లాభం లేకపోలేదు. నైల్ పెర్చ్ మాంసం విదేశాలకు ఎగుమతి అయి కోట్లాది ధనం వచ్చింది. కాని ఆ ధనం ముఖ్యంగా పెద్ద పడవలు, శీతల గిడ్డంగులు ఉన్నవారికి చేరింది. పూర్వం ఒడ్డున నివసించే స్త్రీలు చిన్నచేపలను ఎండలో ఆరబెట్టి సంతలో అమ్ముకొనేవారు. కొవ్వెక్కువగా ఉన్న కొత్తచేప ఎండకు ఆరదు. దానిని పొగపెట్టి నిలువచేయాలి. దానికి వంటచెరకు కావాలి. అందుకై ఒడ్డునున్న అడవులు కరిగిపోయాయి. చెట్లు పోయిన నేల కోసుకుపోయి మట్టి సరస్సులో చేరింది. నీటిలో వదలిన ఒక్క చేప నేలమీది అడవిని కూడ మార్చివేసింది. ప్రకృతిలో ఏ పోగును లాగినా వస్త్రమంతా కదులుతుంది.

మనం పోగొట్టుకొనేది ఏమిటి?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు దానిలో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. దాని చుట్టూ లెక్కకు మిక్కిలిగా చేపల చెరువులున్నాయి. వరద వచ్చినప్పుడు చెరువుకు, కాలువకు, సరస్సుకు, ఏటికి మధ్య హద్దు చెరిగిపోతుంది. ఒక చెరువులోని పరాయి చేప ఒక్క రాత్రిలో అన్నిటికీ చెందినదవుతుంది. నీటికి గట్టు ఉన్నది కదా అన్న ధీమా మన ప్రాంతంలో చెల్లదు.

కొర్రమీను, వాలుగ, మార్పు, ఇంగిలాయి, గొరక, జెల్ల, పరిగె, బొమ్మిడాయి, మట్టగిడస. ఈ పేర్లు ఒకప్పుడు పల్లెలో పిల్లవానికి కూడ తెలుసు. ఏ చేప ఏ కార్తెలో దొరుకుతుందో, ఏది బాలింతకు పెట్టవచ్చునో, ఏది పులుసుకు బాగుంటుందో, ఏది వేపుడుకు బాగుంటుందో పెద్దలు చెప్పేవారు. మృగశిర కార్తె ప్రవేశించిననాడు చేప తినే ఆచారం నేటికీ ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఎండాకాలంలో కుంట అడుగంటినా బురదలో దాగి, తొలకరికి తిరిగి ఈదే ఆ చేప మన మెట్టప్రాంత జీవితానికి ప్రతీక వంటిది. నీటిలో చేప కనిపించకపోతే కొంతకాలానికి నోటిలో దాని పేరూ వినిపించదు. ఆ పేరుతో ముడిపడిన రుచి, వైద్యం, సామెత, వేట నేర్పు అన్నీ మరుగున పడతాయి. అందువల్ల స్థానిక చేపను కాపాడడం భాషను కాపాడడం కూడ.

న్యాయంగా మరొక మాట చెప్పుకోవాలి. మన చేపలు తగ్గడానికి పరాయి చేపలు మాత్రమే కారణం కాదు. ఆనకట్టలు వలసదారులను మూసివేశాయి. కర్మాగారాల వ్యర్థాలు, పురుగుమందులు, పట్టణాల మురుగు నీటిని పాడుచేశాయి. చెరువులు ఆక్రమణలకు గురయ్యాయి. సన్నకన్ను వలలు పిల్లచేపలను కూడ ఊడ్చివేస్తున్నాయి. నిజానికి మంచినీటిలో మన చేపలు పోరాడగలవు. మురుగునీటిలోనే పరాయి చేపకు బలమెక్కువ. కనుక చెరువును శుభ్రంగా ఉంచడం కూడ పరాయి చేపతో చేసే పోరాటంలో భాగమే.

మూడు చేపల నీతి

మహాభారతంలో శాంతిపర్వంలో మూడు చేపల కథ ఉంది. ఒక మడుగులో దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అనే మూడు చేపలు ఉండేవి. జాలరులు మడుగులోని నీటిని తోడివేయ మొదలుపెట్టారు. ఆపదను ముందే ఊహించిన దీర్ఘదర్శి వేరొక మడుగుకు వెళ్లిపోయింది. ప్రాప్తకాలజ్ఞుడు ఆపద వచ్చినప్పుడు ఉపాయం ఆలోచించి తప్పించుకొంది. చూద్దాంలే అని కాలయాపన చేసిన దీర్ఘసూత్రుడు జాలరుల చేత చిక్కి మరణించింది.

దురాక్రమణ జాతుల విషయంలో నేటి శాస్త్రజ్ఞులు చెప్పే మూడు దశలూ ఇవే. మొదటిది, పరాయి చేప రాకముందే అడ్డుకొనడం. ఇది చౌకైనది, సులభమైనది. దిగుమతి చేసేముందు పరీక్షించడం, నిషిద్ధ జాతుల అమ్మకాన్ని అరికట్టడం, చేపల చెరువుల గట్లను, తూములకు జాలీలను పటిష్ఠం చేయడం దీని కిందికి వస్తాయి. రెండవది, వచ్చిన వెంటనే గుర్తించి, వ్యాపించక ముందే తొలగించడం. నీటిలోని డీఎన్ఏను పరీక్షించే పద్ధతి దీనికి తోడ్పడుతుంది. మూడవది, వ్యాపించిన తరువాత అదుపు చేయడానికి ప్రయత్నించడం. దీనికి ఖర్చు అపారం, ఫలితం స్వల్పం. విశాలమైన సరస్సులోను నదిలోను స్థిరపడిన చేపను పూర్తిగా నిర్మూలించడం దాదాపు అసాధ్యం. 2022లో మాంట్రియల్‌లో సమావేశమైన ప్రపంచదేశాలు, 2030 నాటికి దురాక్రమణ జాతుల కొత్త ప్రవేశాలను కనీసం సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకొన్నాయి. మన దేశం కూడ అందులో భాగస్వామి.

ఇవి ప్రభుత్వాలు చేయవలసిన పనులు. విద్యార్థులు చేయదగినవి కూడ ఉన్నాయి. ఇంట్లో చేపలను పెంచేవారు, కొనేముందే అది ఎంత పెరుగుతుందో, ఏ దేశానిదో అడిగి తెలుసుకోవాలి. పెంచలేని స్థితి వస్తే అమ్మినవారికి తిరిగి ఇవ్వాలి, లేదా పెంచగలవారికి అప్పగించాలి. ఎట్టి పరిస్థితిలోను చెరువులో గాని, కాలువలో గాని, గుడి కోనేటిలో గాని వదలరాదు. వలలో వింతచేప పడితే తిరిగి నీటిలోకి విసరక, మత్స్యశాఖ వారికి తెలియజేయమని తెలిసిన మత్స్యకారులకు చెప్పాలి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు పెద్దలనడిగి, ఆ ఊరి చెరువులో ఒకప్పుడుండిన చేపల పేర్లు వ్రాసుకోవాలి. ఆ పట్టికలో ఇప్పుడు ఎన్ని మిగిలాయో గుర్తిస్తే, ఈ పాఠంలో చెప్పినదానికంటె ఎక్కువే తెలుస్తుంది.

పరాయి చేపపై మనకు ద్వేషం అక్కరలేదు. అమెజాన్ నదిలో దెయ్యం చేప దెయ్యం కాదు, అక్కడి జలరాశిలో ఒక సహజమైన ప్రాణి. దానిని సముద్రాలు దాటించి తెచ్చినది మనిషి, విసుగుపుట్టి వదలివేసినది మనిషి. తప్పు చేపది కాదు కనుక దిద్దుకోవలసిన బాధ్యత కూడ చేపది కాదు. సత్యవ్రతుడు తాను చేరదీసిన చేపను ప్రతి దశలోను దానికి తగిన చోటు ఏదని ఆలోచించాడు. జీవకారుణ్యమంటే కేవలం జాలిపడి వదలడం కాదు, ఏ ప్రాణికి ఏది తగిన తావో తెలిసి మెలగడం. ఆ వివేకం మనకు కలిగిననాడు కొర్రమీను బురదలో దాగి, తొలకరి కొరకు నిశ్చింతగా ఎదురుచూడగలుగుతుంది.